నలుసును నిలదీసే వెలుగు

మిట్టమధ్యాహ్నం వేళ మీ ఇంట్లో కిటికీ తలుపులు మూసి, సన్నని సందు ఒక్కటి మాత్రం వదిలి చూడండి. పెంకుటింట్లో ఉండేవారికి ఈపాటి శ్రమ కూడా అక్కర్లేదు. పెంకు జరిగినచోట నుంచి ఎండ కడ్డీలాగా నేలమీదికి దిగుతూనే ఉంటుంది. ఆ ఎండకడ్డీలో లెక్కలేనన్ని నలుసులు మెరుస్తూ, తేలుతూ, పైకీ కిందికీ తిరుగుతూ కనిపిస్తాయి. దగ్గరగా చెయ్యి ఊపితే సుడులు తిరుగుతాయి. ఇప్పుడు కిటికీ బార్లా తెరవండి. ఒక్క నలుసు కూడా కనిపించదు!

అవి ఎక్కడికీ పోలేదు. గది అంతా వెలుగు నిండేసరికి వాటి చిన్న మెరుపు మన కంటికి ఆనలేదు, అంతే. మీరు ఇంతసేపూ పీల్చింది ఆ గాలినే. ఈ వాక్యం చదువుతూ పీలుస్తున్నదీ అలాంటి గాలినే.

ఆ నలుసుల్లో ఏముంటాయి? వీధిలోని మట్టి, పొయ్యి పొగలోని మసి, దుప్పటి దులిపినప్పుడు లేచిన నూలుపోగుల ముక్కలు, మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు. వీటితోపాటు ప్రాణులకు సంబంధించినవి కూడా ఉంటాయి. వయ్యారిభామ మొక్క పుప్పొడి, రొట్టెమీద బూజు పట్టించే శిలీంధ్రాల సిద్ధబీజాలు, వరిపొలంలో అగ్గితెగులును ఒక మడి నుంచి మరో మడికి మోసుకుపోయే సిద్ధబీజాలు, రకరకాల బాక్టీరియాలు. సిద్ధబీజం అంటే విత్తనం వంటిదే అనుకోండి. గాలిలో, ఎండలో, పొడిలో చావకుండా ఉండి, అనుకూలమైన చోటు దొరికితే మొలకెత్తుతుంది.

ఇవి ఎంతెంత ఉంటాయి? మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాను. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. చాలా మొక్కల పుప్పొడి రేణువులు 20 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉంటాయి. బాక్టీరియాలు ఒకటి రెండు మైక్రాన్లే. పెద్ద రేణువులు ముక్కులోనే చిక్కుకుపోతాయి, తుమ్మితే బయటికి పోతాయి. ఒకటి రెండు మైక్రాన్ల రేణువులు మాత్రం ఊపిరితిత్తుల చిట్టచివర ఉండే గాలిగదుల దాకా పోగలవు.

వీటిలో అత్యధిక భాగం మనకు ఏ హానీ చెయ్యవు. కాని హాని చేసేది ఒకటి ఎప్పుడో వచ్చి కలిసిందనుకోండి. దానికి రంగు లేదు, వాసన లేదు. వచ్చిందని ఎలా తెలుస్తుంది? అంతకన్నా ముఖ్యం, ఎంత త్వరగా తెలుస్తుంది?

ఈ రెండో ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక సంఘటన చెబుతాను.

2001 అక్టోబరు 15న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, సెనేట్ సభ్యుల కార్యాలయాలుండే హార్ట్ భవనంలో ఒక ఉత్తరం విప్పారు. అందులోంచి మెత్తని పొడి లేచింది. అది ఆంత్రాక్స్ బాక్టీరియా సిద్ధబీజాల పొడి. ఆంత్రాక్స్ అంటే మన పల్లెల్లో గొర్రెలకూ పశువులకూ వచ్చే దొమ్మరోగమే. పొడి కళ్ళెదుటే లేచింది కనుక అక్కడున్నవారికి వెంటనే మందులు మొదలుపెట్టారు. వారిలో ఒక్కరికీ జబ్బు రాలేదు.

కాని ఆ ఉత్తరం అక్కడికి చేరేముందు బ్రెంట్‌వుడ్ అనే పెద్ద తపాలా కేంద్రం గుండా వచ్చింది. అక్కడ ఉత్తరాలను ఊళ్ళవారీగా వేరుచేసే యంత్రాలున్నాయి. అవి కవర్లను నొక్కుతూ, లాగుతూ మహావేగంగా పంపిస్తాయి. అంటించి ఉన్న కవరు వల్ల ఏం ప్రమాదం ఉంటుందిలే అనుకున్నారు అందరూ. యంత్రం నొక్కినప్పుడు ఆ పొడి కవరులోంచి బయటపడి గాలిలో కలిసింది. ఎవరికీ కనిపించలేదు. అక్టోబరు 21 దాకా కేంద్రం మామూలుగా పనిచేస్తూనే ఉంది. ఆ 21, 22 తేదీల్లో అక్కడ పనిచేసే ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. ఆ ఏడాది ఇటువంటి ఉత్తరాల మూలంగా జబ్బుపడినవారు మొత్తం 22 మంది, చనిపోయినవారు ఐదుగురు. బ్రెంట్‌వుడ్ కేంద్రాన్ని శుభ్రం చేసి తిరిగి తెరిచేసరికి 2003 డిసెంబరు వచ్చింది. ఆ భవనానికి తరువాత ఆ ఇద్దరి పేర్లే పెట్టారు.

చూశారా? పొడి ఒకటే, ఊరు ఒకటే, దుకాణంలో దొరికే మందులూ అవే. ఒకచోట పొడి కంటబడింది, మరోచోట పడలేదు. తేడా అంతే.

ఇంతకుముందు ఇంకా పెద్దది జరిగింది. 1979 ఏప్రిల్ 2న అప్పటి సోవియట్ రష్యాలోని స్వెర్‌ద్‌లోవ్‌స్క్ నగరంలో, ఒక సైనిక ప్రయోగశాల నుంచి ఆంత్రాక్స్ సిద్ధబీజాలు గాలిలోకి వెలువడ్డాయి. కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తినడం వల్ల అని అధికారులు ప్రకటించారు. 1992లో గాని అసలు సంగతి ఒప్పుకోలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్ళి, జబ్బుపడిన వారు ఆ రోజుల్లో పగటిపూట ఎక్కడెక్కడ ఉన్నారో పటం మీద చుక్కలు పెట్టింది. చుక్కల్లో చాలావరకు ప్రయోగశాల నుంచి దక్షిణంగా నాలుగు కిలోమీటర్ల పొడవున ఒక సన్నని పట్టీలో పడ్డాయి. ఏప్రిల్ 2న గాలి వీచిన దిక్కు సరిగ్గా అదే! ఆ గీతనే ఇంకా పొడిగిస్తే, పశువులు చచ్చిన ఆరు పల్లెలు దానిమీదే ఉన్నాయి. వెలువడిన పొడి బరువు కొన్ని మిల్లీగ్రాముల నుంచి సుమారు ఒక గ్రాము లోపు అయి ఉండవచ్చని 1994లో వారు ప్రచురించిన వ్యాసంలో లెక్కవేశారు. చిటికెడు ఉప్పంత! దానిని ఆ రోజు చూసిన కన్ను లేదు.

మరి అలాంటి కన్ను ఒకటి తయారు చెయ్యలేమా? ఆ పని మొదలైంది నిజానికి నూటయాభై ఏళ్ళ కిందట. మీ ఎండకడ్డీతోనే.

జాన్ టిండల్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కాంతిమీద ప్రయోగాలు చేస్తుండేవాడు. చీకటిగదిలో బలమైన దీపకాంతిని సన్నని కట్టగా పంపేవాడు. గాలిలోని నలుసులు కాంతిని నలుదిక్కులకూ చెదరగొట్టి ఆయన ప్రయోగాలను పాడుచేస్తుండేవి. ఇలా చెదరగొట్టడాన్నే మీ పాఠ్యపుస్తకంలో పరిక్షేపణం అంటారు. వీటి పీడ వదిలించుకుందామని ఆయన కాంతికట్ట కింద ఒక స్పిరిటు దీపం పెట్టాడు. వెంటనే వెలుగులో నల్లని పొగలాంటివి మెలికలు తిరుగుతూ లేచాయి. స్పిరిటు దీపానికి అంత పొగ ఎక్కడిది? అది పొగ కాదు. అక్కడి నలుసులు కాలిపోయాయి. కాంతిని చెదరగొట్టడానికి ఏమీ మిగలనిచోట చీకటి కనిపించిందన్నమాట. మట్టి కాలదు కదా. అందువల్ల లండన్ గాలిలోని ధూళిలో చాలా భాగం జీవసంబంధమైనదే అని ఆయనకు తోచింది. 1870లో ధూళిని గురించీ, వ్యాధులను గురించీ ఆయన ఇచ్చిన ఉపన్యాసం ఆ రోజుల్లో పెద్ద చర్చ లేపింది.

తరువాత ఆయన ఒక పెట్టె చేయించాడు. ముందు అద్దం, కాంతి దూరిపోవడానికి పక్కల రెండు కిటికీలు, లోపలి గోడలకు జిగురుగా ఉండే గ్లిజరిన్ పూత. కొన్ని రోజులు కదపకుండా ఉంచితే నలుసులన్నీ గోడలకు అంటుకుపోయాయి. కాంతి పంపిస్తే పెట్టెలో దాని దారి కనిపించలేదు. అప్పుడు ఆ పెట్టెలోని గొట్టాలలో మాంసపు రసం, కూరగాయల రసం పోసి మరిగించి వదిలేశాడు. నెలలు గడిచినా అవి తేటగానే ఉన్నాయి. బయటి గాలిలో పెట్టినవి కొద్ది రోజుల్లోనే కుళ్ళిపోయాయి. అంటే వెలుగులో శుభ్రంగా కనిపించే గాలి, క్రిములు లేని గాలి అని తేలింది. గాలిలోని జీవకణాలను పట్టడానికి కాంతిని వాడిన తొలి పరీక్ష ఇదే అని నేనంటాను.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. కొన్నాళ్ళకు టిండల్ ప్రయోగాలన్నీ తారుమారయ్యాయి. ఎంత మరిగించినా రసాలు కుళ్ళిపోవడం మొదలైంది. చివరికి తేలిందేమంటే, ప్రయోగశాలలోకి ఎవరో ఒక ఎండుగడ్డి మోపు తెచ్చారు! ఎండుగడ్డిలో ఉండే ఒక బాక్టీరియా సిద్ధబీజాలు మరిగే నీళ్ళకు కూడా చావవు. ఆ గడ్డి బాక్టీరియా, ఆంత్రాక్స్ బాక్టీరియా ఒకే ప్రజాతికి చెందినవి. ఒకటి అమాయకురాలు, మరొకటి హంతకి. ఈ బంధుత్వాన్ని గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

టిండల్ దీపం 'ఇక్కడ ఏదో ఉంది' అని మాత్రమే చెబుతుంది. మట్టిరేణువుకూ సిద్ధబీజానికీ తేడా చెప్పదు. రెండూ మెరుస్తాయి. తేడా తెలియాలంటే నలుసును మరోలా ప్రశ్నించాలి.

మీ ఊళ్ళో పెద్ద దుకాణాల్లో దొంగనోట్లను పట్టే ఊదారంగు దీపం చూసే ఉంటారు. దానికింద నోటు పెడితే, మామూలు వెలుగులో కనిపించని సన్నని పోగులు తళుక్కుమంటాయి, అంకెలు వెలుగుతాయి. ఆ దీపం నుంచి వచ్చేది ముఖ్యంగా అతినీలలోహిత కాంతి, అంటే మన కంటికి కనిపించని కాంతి. కనిపించని కాంతి పడితే కనిపించే కాంతి బయటికి వస్తోంది! ఇంకో చిన్న ప్రయోగం చెయ్యండి. చేతులకు రాసుకునే శానిటైజరులో చిటికెడు పసుపు కలిపి, తేరుకున్నాక ఆ దీపం కింద పట్టండి. నిమ్మపండు రంగుకు ఆకుపచ్చ కలిసినట్టు వెలుగుతుంది. (దీపంలోకి మాత్రం నేరుగా చూడకండి, కళ్ళకు చేటు. శానిటైజరును నిప్పు దగ్గరికి తీసుకుపోకండి.)

దీనికి ప్రతిదీప్తి అని పేరు. దీని నియమాన్ని 1852లో వివరించినవాడు జార్జి స్టోక్స్. మలేరియా మందు క్వినైన్ ద్రావణం నీలంగా వెలగడం చూసి ఆయన ఈ సంగతి తేల్చాడు. కాంతి శక్తి చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందని విన్నారు కదా. అతినీలలోహిత పొట్లం పెద్దది. పదార్థంలోని అణువు దానిని మింగుతుంది. అందులో కొంత శక్తిని కదలికలకింద, వేడికింద ఖర్చుచేసి, మిగిలినదాన్ని చిన్న పొట్లంగా బయటికి వదులుతుంది. పెద్దనోటుకు చిల్లర ఇచ్చేటప్పుడు కాస్త కమీషను పట్టుకునే వ్యాపారి లాంటిది. పొట్లం చిన్నదైతే తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. కనిపించని కాంతి నీలంగానో, ఆకుపచ్చగానో మారి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి జీవకణంలోనూ ఇలా వెలిగే అణువులు కొన్ని తప్పనిసరిగా ఉంటాయి. ప్రోటీన్లలో ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం ఉంటుంది. పాలలో, పప్పులో, గుడ్డులో ఉండేదే. దానిమీద 280 నానోమీటర్ల కాంతి వేస్తే సుమారు 350 నానోమీటర్ల దగ్గర బదులిస్తుంది. (మీటరును వందకోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన కంటికి కనిపించే కాంతి సుమారు 400 నుంచి 700 దాకా.) కణం శక్తిని వాడుకోవడానికి తోడ్పడే ఎన్.ఎ.డి.హెచ్. అనే అణువు 340 దగ్గర కాంతిని మింగి 460 దగ్గర నీలంగా వెలుగుతుంది. బి2 విటమిను, అదే రైబోఫ్లేవిన్, పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలుగుతుంది. పాలు విరిగినప్పుడు పైకి తేలే నీటికి ఉండే లేత పసుపుపచ్చ ఛాయ దీనిదే. బి-కాంప్లెక్సు మాత్ర వేసుకున్నాక మూత్రం చిక్కని పసుపురంగులోకి మారడం కూడా దీని మహిమే! మట్టిరేణువులో, ఉప్పురేణువులో ఇవేవీ ఉండవు. కనుక అతినీలలోహిత కాంతి వేసి, ఎవరు బదులిస్తారో చూస్తే సరి.

ఈ పని చేసే యంత్రాన్ని ఊహించుకుందాం. ఒక పంపు గాలిని పీలుస్తుంది. సన్నని ముక్కు గుండా వచ్చేసరికి గాలి దారంలా సాగి, నలుసులు చీమలబారులాగా ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. మొదట ఒక మామూలు లేజరు కిరణం అడ్డం వస్తుంది. నలుసు దానిని దాటగానే టిండల్ చూసిన మెరుపే మెరుస్తుంది. ఆ మెరుపు ఎంత బలంగా ఉందో చూసి నలుసు పరిమాణం లెక్కగడతారు. ఆ మెరుపే రెండో దీపానికి సైగ. వెంటనే అతినీలలోహిత కాంతి ఒక్క తృటిపాటు ఆ నలుసుమీద పడుతుంది. నలుసు ప్రతిదీప్తితో బదులిస్తే, చుట్టూ ఉన్న అద్దాలు ఆ కొద్ది కాంతిని పోగుచేసి, రంగులవారీగా వేరుచేసి, అతి సున్నితమైన గ్రాహకాలకు అందిస్తాయి. ఇదంతా మీరు కన్ను ఆర్పే లోపల అనేకసార్లు జరిగిపోతుంది. నలుసు ఆగదు, ఏ మందూ కలపక్కర్లేదు, సూక్ష్మదర్శిని కింద పెట్టక్కర్లేదు.

ఇటువంటి హెచ్చరిక యంత్రాలను అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన లింకన్ ప్రయోగశాల 1990లలో సైన్యం కోసం తయారుచేసింది. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంవారు చేసిన మరో యంత్రం 280, 370 నానోమీటర్ల కాంతిని రెండు దీపాలతో వెంటవెంటనే వేసి, నలుసును రెండు ప్రశ్నలు అడుగుతుంది. పోలీసులు ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడగరూ, అలాగన్నమాట.

ఇంకేం, తపాలా కేంద్రాలన్నిటిలో ఈ యంత్రాలు పెట్టేస్తే సరిపోయేది కదా అంటారా? చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈసారి నోట్లదీపం దొరికినప్పుడు దానికింద మీ తెల్లకాగితం, తెల్లచొక్కా కూడా పెట్టి చూడండి. నీలంగా ధగధగలాడతాయి. కాగితం, బట్ట మరింత తెల్లగా కనబడాలని వాటిలో వెలిగే రసాయనాలు కలుపుతారు. మరి తపాలా కేంద్రంలో గాలినిండా ఉండేది ఏమిటి? కాగితపు ధూళి! డీజిలు పొగలోని కొన్ని పదార్థాలు కూడా వెలుగుతాయి. పుప్పొడి సరేసరి. యంత్రానికి ఇవన్నీ ప్రాణులే అన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. రంగుల తేడాలనూ, పరిమాణాలనూ కలిపి చూసి చాలావాటిని ఏరెయ్యవచ్చు. అయినా పూర్తిగా కాదు.

కొంచెం లెక్క వేద్దాం. యంత్రం సెకనుకు వెయ్యి నలుసులను చూస్తుందనుకోండి. పదిలక్షల నలుసుల్లో ఒక్కదాని విషయంలోనే పొరబడుతుందనుకోండి. ఎంత గొప్ప యంత్రం! కాని వెయ్యి సెకన్లకు పదిలక్షలు పూర్తవుతాయి. అంటే సుమారు పదిహేడు నిమిషాలకోసారి ఒక తప్పుడు కేక. రోజుకు ఎనభై పైచిలుకు. వారం తిరిగేసరికి ఆ గంట మోగినా ఎవరూ తలెత్తి చూడరు. 'నాన్నా పులి' కథ మీకు చెప్పనక్కర్లేదు. అందుకని యంత్రం ఒక్క నలుసును చూసి గంట కొట్టదు. ఆ చోట మామూలుగా ఎన్ని వెలిగే నలుసులుంటాయో గమనిస్తూ ఉండి, ఉన్నట్టుండి పెరిగితే అప్పుడు హెచ్చరిస్తుంది.

పోనీ, ఆ 'మామూలు' అయినా స్థిరంగా ఉంటుందా? అదీ ఉండదు. తొలకరి చినుకులు పడగానే మట్టివాసన వస్తుంది కదా. చినుకు నేలను తాకినప్పుడు మట్టిరంధ్రాలలో చిక్కిన గాలి బుడగలై పైకి వచ్చి చిట్లి, సన్నని తుంపరలను గాలిలోకి చిమ్ముతుందని మసాచుసెట్స్ సంస్థ పరిశోధకులు 2015లో వేగపు కెమెరాలతో చూపించారు. ఆ తుంపరలు నేలలోని బాక్టీరియాలను కూడా మోసుకుపోగలవని 2017లో తేల్చారు. అంటే ఒక్క వానజల్లుకే గాలిలో ప్రాణుల లెక్క మారిపోతుంది. మన దేశంలోనూ ఇలాంటి కొలతలు తీశారు. మద్రాసు ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు 2014 నైరుతి ఋతుపవనాల కాలంలో కేరళ కొండలమీది మున్నారులో ప్రతిదీప్తి యంత్రం పెట్టారు. సముద్రం మీదనుంచి గాలి వీచి ఎడతెగని వాన పడుతున్నప్పుడు గాలి కడిగినట్టు ఉండి వెలిగే రేణువులు తగ్గాయి. నేలమీదుగా ఉత్తరం నుంచి గాలి తిరిగినప్పుడు పెరిగాయి. వానకు పెరగడమూ ఉంది, తగ్గడమూ ఉంది! వీటన్నిటినీ ముందుగా తెలుసుకుని ఉంటే తప్ప యంత్రం ఏది అసహజమో చెప్పలేదు.

సరే, వెలుగు 'ప్రాణి' అంది. ఏ ప్రాణి? ప్రతిదీప్తికి ఈ ప్రశ్న వేస్తే తడబడుతుంది. ట్రిప్టోఫాన్ మీలో ఉంది, నాలో ఉంది, పెరుగులో ఉంది. ఆ వెలుగు వెడల్పుగా పులిమినట్టు ఉంటుంది తప్ప, ముఖం గుర్తుపట్టేటంత సన్నని గీతలు అందులో ఉండవు.

ముఖం గుర్తుపట్టే వెలుగు వేరే ఉంది. అది మనవాళ్ళు కనిపెట్టినదే. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్, తన సహచరుడు కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో దానిని కనుగొన్నాడు. ఒకే రంగు కాంతిని పదార్థంమీద పంపితే, చెదిరిన కాంతిలో దాదాపు అంతా అదే రంగులో తిరిగి వస్తుంది. అతి కొద్ది భాగం మాత్రం రంగు కాస్త మార్చుకుని వస్తుంది. అణువులోని పరమాణువులు స్ప్రింగులతో కట్టినట్టు ఊగుతూ ఉంటాయి. ఆ ఊపుకు కాంతి కొంత శక్తిని ఇచ్చుకుంటుంది, లేదా పుచ్చుకుంటుంది. ఏ అణువు ఊపు దానిదే. కనుక రామన్ వర్ణపటంలో కనిపించే సన్నని గీతలు ఆ అణువు వేలిముద్రలవంటివి. రామన్ దగ్గర పనిచేసి, తరువాత ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మన సూరి భగవంతం ఈ విషయం మీద రాసిన గ్రంథం 1940లో వెలువడి దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది.

ఆంత్రాక్స్ సిద్ధబీజంలో డైపికోలినిక్ ఆమ్లం అనే పదార్థం కాల్షియంతో కూడి ఉంటుంది. సిద్ధబీజపు పొడి బరువులో సుమారు పదోవంతు అదే. సిద్ధబీజం వేడికి తట్టుకోవడానికి అది ఎంతో తోడ్పడుతుంది. రామన్ వర్ణపటంలో అది నిటారుగా లేచే ఒక గీతతో తన ఉనికి చాటుతుంది. కాగితపు ధూళిలో గాని, డీజిలు మసిలో గాని ఆ గీత ఉండదు. బాగుంది కదూ!

అయితే రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, రామన్ కాంతి మహా బలహీనం. చెదిరిన కాంతి పొట్లాల్లో కోటికి ఒకటి అటూ ఇటూగా మాత్రమే అలా రంగు మార్చుకుని వస్తుంది. గాలిలో పరుగెత్తిపోయే నలుసు నుంచి అంత తక్కువ కాంతిని పట్టడం కష్టం. దానిని ఒక పలకమీద నిలబెట్టి, దానిపైనే లేజరును కాసేపు నిలపాలి. నలుసులన్నిటికీ ఈ మర్యాద చెయ్యలేం. అందువల్ల మొదట ప్రతిదీప్తితో అనుమానితులను ఏరి, వాటినే రామన్ పరీక్షకు పంపే పద్ధతుల మీద పరిశోధకులు పనిచేస్తున్నారు.

రెండోది, ఇందాక గుర్తుపెట్టుకోమన్న బంధుత్వం. టిండల్‌ను ఏడిపించిన గడ్డి బాక్టీరియా సిద్ధబీజంలో కూడా ఇదే డైపికోలినిక్ ఆమ్లం ఉంటుంది! ఇంకా దగ్గరి చుట్టం ఒకరున్నారు, బి.టి. బాక్టీరియా. బి.టి. పత్తి పేరు వినని రైతు మన రాష్ట్రాల్లో లేడు. ఆ పత్తిలోకి జన్యువును తీసుకున్నది ఈ బాక్టీరియా నుంచే. దీని సిద్ధబీజాలను పురుగులను చంపడానికి తోటలమీద చల్లుతారు. అలా చల్లిన సాయంత్రం మన యంత్రం 'జీవరేణువులు, సిద్ధబీజాలు, కుప్పతెప్పలు' అని గంట కొడితే, చెప్పింది అక్షరాలా నిజమే. ప్రమాదం మాత్రం లేదు. వర్ణపటాల్లోని అతి చిన్న తేడాలను లెక్కకట్టి ఈ చుట్టాలను విడదీసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ప్రయోగశాలలో పెంచిన శుభ్రమైన నమూనాలలో అది చేసి చూపడం ఒకటి, దుమ్మూ మసీ పేరుకున్న వీధిగాలిలో చెయ్యడం మరొకటి.

అందుకే 2001 తరువాత అమెరికా తపాలా కేంద్రాల్లో అమర్చిన యంత్రాలు చివరిమాటను కాంతిమీద వదలలేదు. యంత్రాల దగ్గరి గాలిని పీల్చి, నీటిలో కలిపి, అందులో ఆంత్రాక్స్ జన్యుపదార్థం ఉందేమో పి.సి.ఆర్. పరీక్ష చేస్తాయి. కోవిడ్ రోజుల్లో మీరందరూ విన్న పరీక్షే అది. పేరుపెట్టి చెబుతుంది, కాని సుమారు గంటన్నర పడుతుంది. 2003లో అమెరికా నగరాల్లో మొదలైన బయోవాచ్ అనే ఏర్పాటులో ఇంకా ఆలస్యం. వడపోత కాగితాలను రోజుకొకసారి తీసి ప్రయోగశాలకు మోసుకుపోవాలి. గాలిలో ఏదైనా కలిసిన 12 నుంచి 36 గంటలకు గాని తెలియదు. సైన్యం వాడే యంత్రాల్లో రెండూ కలిపారు. కాంతి క్షణంలో కేక వేస్తుంది, ఆ కేకతో గాలిని పోగుచేసే పంపు మొదలవుతుంది, పోగుచేసినదానిని నెమ్మదిగా పరీక్షిస్తారు. వాకిట్లో కుక్క మొరిగితే యజమాని దీపం పట్టుకుని వచ్చి చూసినట్టు.

యుద్ధం కోసం పుట్టిన ఈ కన్ను ఇప్పుడు ఆస్తమా రోగులకు పనికివస్తోంది. పుప్పొడిని గుర్తించడం బాక్టీరియాను గుర్తించడంకన్నా చాలా సులువు. రేణువు పెద్దది, ఆకారం ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్కలా ఉంటుంది. స్విట్జర్లాండు వాతావరణ శాఖ దేశమంతటా ఇటువంటి యంత్రాలు అమర్చి, ఏ పుప్పొడి ఎంత ఉందో 2023 నుంచి అప్పటికప్పుడు ప్రకటిస్తోంది. అంతకుముందు జిగురుపట్టీ మీద పడ్డ రేణువులను మనుషులు సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టేవారు. ఫలితం వచ్చేసరికి రోజులు గడిచేవి. తుమ్మాల్సినవాళ్ళు తుమ్మేసేవారు!

చివరికి మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. కోవిడ్ వైరస్‌ను గాలిలో ఇలాగే పట్టవచ్చు కదా? అది సుమారు 0.1 మైక్రాను. ఒక మైక్రాను బాక్టీరియాతో పోలిస్తే అడ్డకొలత పదోవంతు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదోవంతైతే లోపలి సరుకు వెయ్యోవంతు. అంటే వెలిగే అణువులు కూడా సుమారు వెయ్యోవంతే. పైగా అది ఒంటరిగా తిరగదు. మనం మాట్లాడినప్పుడు చిమ్మే ఉమ్మితుంపరలో కూర్చుని వస్తుంది. ఆ తుంపరలో మన ప్రోటీన్లే బోలెడు ఉంటాయి, అవీ వెలుగుతాయి. వైరస్ ఉన్న తుంపర, లేని తుంపర ప్రతిదీప్తి యంత్రానికి ఒకేలా కనిపిస్తాయి. వైరస్ కోసమైతే గాలిని గంటలతరబడి వడపోసి, పోగుపడినదానిని పి.సి.ఆర్.కు పంపవలసిందే.